బరంపురం నుంచి ఓపెన్ సోర్స్ పుస్తకం: రాత మొదలు పోస్టు దాకా

ఒడిశాలోని బరంపురంలో, గేట్ బజార్ దగ్గర నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పగలంతా శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఒడియాలో కరపత్రాలు. సాయంత్రం అదే గదిలో వెబ్ డెవలప్‌మెంట్ క్లాసు. ఆ క్లాసు నోట్సే తర్వాత ఓపెన్ సోర్స్ టూల్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్) మీద పుస్తకాలయ్యాయి: ఫైళ్లలో మార్పుల చరిత్ర ఉంచే గిట్ మీద ఒకటి, పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగో మీద ఒకటి, వర్డ్‌ప్రెస్ థీమ్‌ల మీద ఒకటి. అప్పట్నుంచి ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. "అక్కా, నేనూ ఒకటి రాశాను. అచ్చుకి ఎలా వెళ్లాలి?" అని. వాళ్ల కోసమే ఇది.

కథల పుస్తకంలో అచ్చుతప్పు పడితే పాఠకుడు సర్దుకుని ముందుకు వెళ్తాడు. మన పుస్తకంలో ఒక చుక్క పోతే ప్రోగ్రాం నడవదు. తప్పు పుస్తకానిదని వాడికి తెలియదు, తనకే రాదనుకుని మూసేస్తాడు. అందుకే వెర్షన్ గురించి చెప్పినా, ఫాంటు గురించి చెప్పినా, బైండింగు గురించి చెప్పినా నేను చూసేది ఒక్కటే: పుస్తకం ఎదురుగా పెట్టుకుని టైపు చేసేవాడి స్క్రీన్ మీద అది నడుస్తుందా, లేదా?

ఎవరు చదువుతారు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు ప్రాంతంగా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులోకి వచ్చాయి. ఇళ్లలో తెలుగు మిగిలింది, బడి మాత్రం ఒడియాకో ఇంగ్లిష్‌కో మారింది. నా క్లాసు పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు. చదవమంటే మాత్రం నెమ్మదిగా, కూడబలుక్కుంటూ చదువుతారు. వాళ్లకి ఇంగ్లిష్ మాన్యువల్ ఇచ్చినా అదే తిప్పలు. వినగానే అర్థమయ్యే మాటని కాగితం మీద పెడితే వాళ్లు అందుకుంటారు.

కాబట్టి వాక్యాలు చిన్నవిగా ఉండాలి. ఒక వాక్యంలో ఒక పని చెప్పాలి. సర్వర్, ఫోల్డర్, కమిట్, బ్రాంచ్ లాంటి మాటలు క్లాసులో ఎలా పలుకుతామో అలాగే రాయాలి. అయితే ఒక మాటకి ఒకే స్పెల్లింగు పట్టుకోండి. మూడో పేజీలో 'ఫైలు', పదో పేజీలో 'ఫైల్' అని రాస్తే చివర్లో పదసూచిక తయారుచేసేటప్పుడు చుక్కలు కనిపిస్తాయి. ఒక కాగితం మీద పదాల పట్టిక రాసి మానిటర్ పక్కన అంటించుకోండి.

ఏ టూల్, ఏ వెర్షన్

రాయడానికీ దిద్దడానికీ అచ్చుకీ కలిపి ఆరు నెలలు సులువుగా పోతాయి. ఆ తర్వాత పుస్తకం కనీసం రెండేళ్లు షాపుల్లో ఉండాలి. కాబట్టి మెల్లగా మారే టూల్స్ మీద రాయడం మేలు. గిట్ 2005లో వచ్చింది. రోజూ వాడే కమాండ్లు అప్పట్నుంచి పెద్దగా మారలేదు, పాతవేవీ ఊరికే పనిచేయడం మానవు. జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్కుల మీద తెలుగులో అచ్చు పుస్తకం వేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. పుస్తకం ప్రెస్సులో ఉండగానే పద్ధతి మారిపోవచ్చు.

జాంగో అయితే లెక్క తేలిక. సుమారు ఎనిమిది నెలలకొక కొత్త విడుదల వస్తుంది. రెండేళ్లకొకసారి వచ్చేది ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం సవరణలు అందే వెర్షన్, దానికి మూడేళ్లు భద్రతా సవరణలు ఇస్తారు. 4.2 అనేది 2023 ఏప్రిల్‌లో, 5.2 అనేది 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. పుస్తకం ఎప్పుడూ ఎల్‌టీఎస్ మీదే రాయాలి. అదీ అది విడుదలైన మొదటి ఆరు నెలల్లో మొదలుపెట్టాలి. సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కి కూడా ఎల్‌టీఎస్ వెర్షన్లు ఉంటాయి, అవి చూసుకోండి. ఏ వెర్షన్ మీద రాశారో అట్ట వెనక, లోపల మొదటి పేజీలో, రెండు చోట్లా స్పష్టంగా వేయండి.

అన్నిటికంటే ముందు పాతబడేది ఇన్‌స్టలేషన్ అధ్యాయం. డౌన్‌లోడ్ పేజీలో బటన్ రంగు మారినా పాఠకుడు ఆగిపోతాడు. దాన్ని రెండు పేజీలకి కుదించండి. బొమ్మలతో సహా పూర్తి వివరం మీ సొంత వెబ్‌సైట్‌లో పెట్టి, పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఇవ్వండి. ఆ కోడ్ మీ సొంత డొమైన్‌కే వెళ్లాలి. అక్కడి నుంచి ఎక్కడికైనా మళ్లించుకోవచ్చు. అచ్చయిన కోడ్‌ని మార్చలేం కదా.

ఉదాహరణలు ఎంచుకునేటప్పుడు గుణుపురం హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే లాప్‌టాప్‌ని గుర్తుపెట్టుకోండి. క్రెడిట్ కార్డు అడిగే క్లౌడ్ అకౌంటు, వందల ప్యాకేజీలు దించుకునే ప్రాజెక్టు వద్దు. డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్ చాలు. పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా ఏమీ పెట్టక్కర్లేదు.

లైసెన్సుల సంగతి

"ఓపెన్ సోర్సే కదా అక్కా, డాక్యుమెంటేషన్ మొత్తం తెలుగు చేసి అమ్మేయొచ్చుగా?" అని చాలామంది అడుగుతారు. టూల్‌కి ఒక లైసెన్సు, దాని డాక్యుమెంటేషన్‌కి ఇంకో లైసెన్సు, దాని పేరుకీ లోగోకీ ట్రేడ్‌మార్క్ ఉంటాయి. ఈ మూడూ వేరు.

జాంగో బీఎస్‌డీ లైసెన్సు కింద వస్తుంది, వర్డ్‌ప్రెస్ జీపీఎల్ కింద. పీహెచ్‌పీ మాన్యువల్‌కీ రియాక్ట్ డాక్యుమెంటేషన్‌కీ క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్సు ఉంది. మూలం పేరు చెప్పి, ఏం మార్చారో రాసి వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. మొజిల్లా వాళ్ల వెబ్ డాక్యుమెంటేషన్ ఎండీఎన్‌లో రాసిన వ్యాసాలకి 'షేర్ అలైక్' షరతు ఉంది. వాటిని తెలుగు చేస్తే మీ అనువాదాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. అంటే రేపు ఇంకొకరు దాన్ని అచ్చేసి అమ్మినా మీరు కాదనలేరు. లైసెన్సులో 'నాన్ కమర్షియల్' అని కనబడితే వెల పెట్టే పుస్తకంలో అది వద్దు.

నా సలహా ఏమిటంటే ఎవరి డాక్యుమెంటేషనూ అనువదించకండి. చదివి, పక్కన పెట్టి, క్లాసులో చెప్పినట్టు మీ మాటల్లో రాయండి. అనువదించిన పుస్తకం కంటే అదే బాగుంటుంది, లైసెన్సు టెన్షన్ కూడా ఉండదు.

అట్ట మీద లోగో వేయాలంటే ముందు ఆ ప్రాజెక్టు ట్రేడ్‌మార్క్ నిబంధనలు చదవండి. జాంగో పేరు జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ది, వర్డ్‌ప్రెస్ పేరు వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్‌ది. వర్డ్‌ప్రెస్ వాళ్లు తమ పేరుని ఇతరులు డొమైన్ పేర్లలో పెట్టుకోవడానికి ఒప్పుకోరు. పుస్తకం పేరులో టూల్ పేరు రాయడం వరకు సరే. లోగో లేకపోతే కొంపలేమీ మునగవు. "ఈ పుస్తకానికీ ఆ సంస్థకీ సంబంధం లేదు" అని లోపల ఒక వాక్యం వేయండి.

మీ సొంత ఉదాహరణల కోడ్‌కి కూడా లైసెన్సు ప్రకటించాలి. ఇది చాలామంది మర్చిపోతారు. పాఠకుడు రేపు ఉద్యోగంలో ఆ కోడ్ వాడుకోవచ్చా లేదా? పాఠం మీద హక్కు మీ దగ్గరే ఉంచుకుని, కోడ్‌ని ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కిందో సీసీ జీరో కిందో వదిలేస్తున్నట్టు రాయండి. వర్డ్‌ప్రెస్ థీమ్ అయితే జీపీఎల్ కిందే ఇవ్వండి.

కోడ్ ఫైళ్లలో, పాఠం వేరుగా

పుస్తకంలో కనిపించే కోడ్‌ని రాతప్రతిలో నేరుగా టైపు చేయకూడదు. కోడ్ విడి ఫైళ్లలో ఉండాలి. ఆ ఫైళ్లు నిజంగా నడవాలి. పుస్తకం తయారయ్యేటప్పుడు స్క్రిప్టు వాటిని తెచ్చి పాఠంలో అతికించాలి. అప్పుడు ఒక చోట దిద్దితే అచ్చులోనూ మారుతుంది. పాఠం మార్క్‌డౌన్‌లో (చిన్న చిన్న గుర్తులతో రాసే సాదా టెక్స్ట్) రాయండి, మొత్తం గిట్‌లో పెట్టండి. ప్రెస్సుకి పంపిన రోజు ఒక ట్యాగ్ వేయండి. ఏడాది తర్వాత ఎవరో ఫోన్ చేసి "నూట పన్నెండో పేజీలో" అంటే ఆ రోజు పంపిన పేజీ ఏదో తెలియాలి. వాడిన ప్యాకేజీల వెర్షన్లు కూడా అంకెతో సహా బిగించి పెట్టుకోండి.

వర్డ్‌లో రాస్తే వచ్చే చిక్కు చాలామందికి అచ్చయ్యాకే తెలుస్తుంది. అది నిలువు కోట్‌లని వంకర కోట్‌లుగా మార్చేస్తుంది, జంట అడ్డగీతల్ని ఒక పొడుగు గీత చేసేస్తుంది. కాగితం మీద అందంగానే ఉంటుంది. పాఠకుడు మాత్రం అలాంటి గీత కోసం కీబోర్డంతా వెతుకుతాడు.

తెలుగు అక్షరాలు, ఇంగ్లిష్ కోడ్, ఒకే పేజీలో

షాపులో నా అసలు పని ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

తెలుగు డీటీపీ ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద నడుస్తోంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. శుభలేఖకి అది చాలు. మన పుస్తకానికి వద్దు. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణం) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కల్ని కూర్చి పెడతాయి. మీ యూనికోడ్ రాతప్రతిని ఆపరేటర్ కన్వర్టర్‌లో వేసి మొత్తానికి తెలుగు ఫాంటు పెట్టగానే, కోడ్ కూడా తెలుగు ముక్కలైపోతుంది. ఆయన ఒక్కో కోడ్ ముక్కని పట్టుకుని మళ్లీ ఇంగ్లిష్ ఫాంటు పెట్టాలి. పాఠం మధ్యలో వచ్చే చిన్న చిన్న కమాండ్లు ఎక్కడో ఒకచోట జారిపోతాయి. ఆయనకి ప్రోగ్రామింగ్ రాదు, తప్పు పట్టలేడు.

యూనికోడ్‌లోనే ఉండండి. ఉచిత ఫాంట్లు కావలసినన్ని ఉన్నాయి: మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు. పర్లాకిమిడిలో పంతులుగా ఉండి వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద గిడుగు అనే ఫాంటు కూడా ఉంది. మా వైపు వాళ్లకి దాన్ని వాడాలని ముచ్చట. శీర్షికలకి వాడండి, పాఠానికి మాత్రం మండలి లాంటి నిండైన అక్షరం కావాలి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. అచ్చులో వాడొచ్చు, ఈ-బుక్‌లో పొదగొచ్చు. ఫాంటుని విడిగా అమ్మడమే కుదరదు.

పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఒక్క పరీక్ష పెట్టండి. 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం', 'సర్వర్‌లో' అనే నాలుగు మాటలతో పీడీఎఫ్ తీసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడితే ఆ సాఫ్ట్‌వేర్ మనకి పనికిరాదు. ఇంగ్లిష్ టెక్నికల్ పుస్తకాలకి బాగా వాడే ఆస్కీడాక్టర్ పీడీఎఫ్ ఇక్కడే ఆగిపోతుంది. అది వాడే ప్రాన్ లైబ్రరీకి మన లిపిలో అక్షరాలు కలపడం రాదు. ఇన్‌డిజైన్ వాడేవాళ్లు పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. స్క్రైబస్ అయితే 1.6 కానీ ఆపైది కానీ ఉండాలి.

నేను వాడేది వీజీప్రింట్. మన పాఠకులే కాదు, రాసేవాళ్లం మనం కూడా వెబ్ వాళ్లమే కదా, సీఎస్ఎస్ వచ్చు. మార్క్‌డౌన్‌ని, ఫార్మాట్లు మార్చే పాండాక్‌తో హెచ్‌టీఎంఎల్ చేసి, సీఎస్ఎస్‌లో పేజీ సైజు, మార్జిన్లు, పేజీ అంకెలు రాస్తే వీజీప్రింట్ పీడీఎఫ్ ఇస్తుంది. అక్షరాలు కూర్చే పని లోపల పాంగో చూసుకుంటుంది కాబట్టి ఒత్తులు సరిగ్గా పడతాయి. పేజీలు కట్టే ఇంకో టూల్ జీలాటెక్ తెలిసినవాళ్లకి అదీ మంచిదే.

కొన్ని కొలతలు. పాఠం 12 పాయింట్లు, వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు. అంతకంటే తగ్గిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద పడుతుంది. పాఠాన్ని రెండు వైపులా సమంగా లాగకండి. తెలుగు మాటలు పొడుగు, సమం చేస్తే మధ్యలో గుంతలు పడతాయి. కుడి అంచు ఎగుడుదిగుడుగా వదిలేస్తే చదవడానికి హాయిగా ఉంటుంది.

కోడ్‌కి సమవెడల్పు ఫాంటు, 8.5 పాయింట్లు. జెట్‌బ్రెయిన్స్ మోనో బాగుంటుంది. సున్నాకీ 'ఓ' అక్షరానికీ, ఒకటికీ చిన్న 'ఎల్'కీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే దాని లిగేచర్లు ఆపేయండి. సమానం గుర్తు పక్కన 'కంటే ఎక్కువ' గుర్తు వస్తే ఆ ఫాంటు రెండిటినీ కలిపి బాణం గీస్తుంది. మా క్లాసులో ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఈ బాణం కీబోర్డులో ఎక్కడుంది?" అని అడిగింది. సీఎస్ఎస్‌లో ఒక్క వరుసతో అది ఆగిపోతుంది.

5.5 అంగుళాలు, 8.5 అంగుళాల డెమీ సైజులో మార్జిన్లు పోగా నాలుగు అంగుళాల పైచిలుకు మిగులుతుంది. 8.5 పాయింట్లలో ఆ వెడల్పుకి సుమారు 58 అక్షరాలు పడతాయి. కోడ్ రాసేటప్పుడే ఎడిటర్‌లో 58 దగ్గర గీత పెట్టుకోండి. పొడుగు వరుసని సాఫ్ట్‌వేర్ ఎక్కడపడితే అక్కడ విరవనివ్వకండి, పైథాన్‌లో బ్రాకెట్ లోపల మీరే విరవండి. కమాండ్లని మాత్రం అసలు విరవొద్దు. లినక్స్‌లో వరుస చివర పెట్టే గుర్తు వేరు, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో వేరు, పవర్‌షెల్‌లో ఇంకోటి. మన పాఠకుల్లో ఎక్కువమందిది విండోస్. ఫోల్డర్ పేరు కుదించైనా సరే, కమాండుని ఒక్క వరుసలో పట్టించండి.

ఇంకో కనిపించని శత్రువు ఉంది. 'సర్వర్‌లో' అని రాయాలంటే పొల్లుకీ 'లో'కీ మధ్య కంటికి కనిపించని అక్షరం ఒకటి పడాలి, లేకపోతే లావొత్తు పడి 'సర్వర్లో' అయిపోతుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. తెలుగు కీబోర్డుతో టైపు చేస్తూ చేస్తూ కోడ్‌లోకి వెళ్తే అది కూడా వెంట వచ్చేస్తుంది. స్క్రీన్ మీద ఏమీ తేడా ఉండదు, పైథాన్ మాత్రం చెల్లని అక్షరం ఉందని ఎర్రర్ ఇస్తుంది. అచ్చు పుస్తకానికి దాంతో పనిలేదు కానీ ఈ-బుక్ నుంచి కాపీ చేసుకునేవాడికి ప్రాణాంతకం. పుస్తకం కట్టే ప్రతిసారీ కోడ్ ఫైళ్లన్నిటిలో గ్రెప్‌తో (ఫైళ్లలో వెతికే కమాండ్) ఆ అక్షరాన్ని వెతికించండి. ఒకటి దొరికినా పీడీఎఫ్ తయారవకుండా ఆపేయండి.

స్క్రీన్‌షాట్లు తక్కువ పెట్టండి. నల్ల థీమ్‌లో తీసినవి అచ్చులో సిరా ముద్దలవుతాయి, తెల్ల థీమ్‌లోనే తీయండి. కోడ్ కింద బూడిద రంగు పట్టీ వేయాలని అందరికీ సరదా. ఆఫ్‌సెట్‌లో లేత బూడిద రంగంటే చుక్కలే. వాటి మీద చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. పక్కన ఒక నిలువు గీత గీస్తే చాలు.

దిద్దేవాళ్లు

ప్రూఫ్ రీడర్‌కి ఇవ్వడంతో సరిపోదు. ఇద్దరు కావాలి. ఒకరు ఆ టూల్ బాగా తెలిసినవాళ్లు, ఒకరు అసలేమీ తెలియనివాళ్లు. రెండోవారే ముఖ్యం. మా మరిది సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాడు, ప్రోగ్రామింగ్ వాసన కూడా లేదు. ప్రింటు తీసిన పేజీలు చేతికిచ్చి, కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్ ముందు కూర్చోబెడతాను. "నన్నేమీ అడగొద్దు, ఇందులో ఉన్నది ఉన్నట్టు కొట్టు" అంటాను. ఎక్కడ ఆగి నా వైపు చూస్తాడో ఆ వరుస పక్కన పెన్సిల్ గీత. "వదినా, ఇప్పుడు ఎంటర్ కొట్టాలా?" అని అడిగాడంటే అక్కడ ఆ మాట రాయలేదన్నమాట. ఫైలు చూపించి చేయించకండి, కాపీ చేసేస్తారు. కాగితం చూసి టైపు చేయాలి.

ప్రెస్సు

నలభై, యాభై కాపీలైతే డిజిటల్ ప్రింటింగ్. అయిదు వందలు దాటితేనే ఆఫ్‌సెట్ గిట్టుబాటవుతుంది. మన పుస్తకానికి మొదట డిజిటలే నయం. అయిదు వందలు వేసి గోడౌన్‌లో పెట్టుకుంటే కొత్త వెర్షన్ వచ్చేస్తుంది. తెలుగు పుస్తకాలు రోజూ చేసే ప్రెస్సులు విజయవాడ, హైదరాబాదుల్లో ఉన్నాయి. పీడీఎఫ్ మెయిల్లో వెళ్తుంది, పెట్టెలు లారీ పార్శిల్‌లో వస్తాయి. డబ్బు మొత్తం కట్టేముందు ఒక్క డమ్మీ కాపీ తెప్పించుకుని, ప్రతి కోడ్ పేజీనీ గిట్‌లో ఉన్న దానితో పోల్చండి.

పేజీలు పదహారు గుణిజాల్లో ఉండేలా చూడండి, ఫారం (మడిచి కుట్టే పెద్ద కాగితం) లెక్క అదే. నల్ల సిరా ఒక్కటే వాడుతుంటే పీడీఎఫ్‌ని ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో గ్రేస్కేల్ చేసి పంపండి. ఫాంట్లన్నీ లోపల పొదిగి ఉన్నాయో లేదో చూసుకోండి. కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) మ్యాప్‌లితో. 240 పేజీల డెమీ పుస్తకం అట్టతో కలిపి 270 గ్రాముల దగ్గర తూగుతుంది. 80 జీఎస్ఎం అయితే మూడొందల గ్రాములు దాటుతుంది. ఈ తేడా పోస్టాఫీసులో తెలుస్తుంది.

బైండింగ్ దగ్గర పిసినారితనం వద్దు. జిగురు బైండింగ్ పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే మూసుకుపోతుంది. టైపు చేసేవాడికి రెండు చేతులూ కీబోర్డు మీదే కావాలి. సెక్షన్ కుట్టు వేయించండి, కాపీకి కొంచెం ఎక్కువైనా. డిజిటల్ ప్రెస్సులో కుట్టు కుదరదంటే లోపలి మార్జిన్ ఇంకో పావు అంగుళం పెంచండి.

నవంబరు, డిసెంబరుల్లో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలతో నిండి ఉంటాయి. అక్టోబరులో పెట్టెలు దింపుకోవడం మాకు భయం. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు నెలలోనే. ఏ నెలలో తెప్పించుకున్నా పెట్టె లోపల ప్లాస్టిక్ షీటు వేయించండి. ఇంట్లో నేల మీద కాకుండా అటక మీద పెట్టుకోండి.

నంబరు, నాలుగు లైబ్రరీలు, అగ్రిమెంటు

ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) మన దేశంలో రుసుము లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో రచయితే స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఊరికే ఇచ్చేదాన్ని డబ్బు తీసుకుని ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు, పట్టించుకోకండి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈ-బుక్‌కి వేరే ఒకటి తీసుకోవాలి. నంబరు చేతికి వచ్చేదాకా అట్ట ప్రెస్సుకి పంపకండి.

1954 నాటి చట్టం ఒకటి ఉంది, చిన్న ప్రచురణకర్తలు చాలామందికి తెలియదు. పుస్తకం వెలువడిన ముప్పై రోజుల్లో నాలుగు లైబ్రరీలకి ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. అవి కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. ఏ భాష పుస్తకమైనా ఇదే నియమం.

సొంతంగా వేయకుండా ప్రచురణ సంస్థకి ఇస్తుంటే అగ్రిమెంటు చదవండి. నోటి మాట మీద హక్కులు బదిలీ కావు, కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలం రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే అది తిరిగి మీకే వస్తుంది, అగ్రిమెంటులో వేరేగా రాస్తే తప్ప. ఆ "వేరేగా" ఎక్కడైనా ఉందేమో వెతకండి. నేనైతే మూడు విషయాలు అడిగి రాయించుకోమంటాను. కోడ్ లైసెన్సు నా ఇష్టం. ఈ-బుక్ హక్కు నా దగ్గరే ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దిద్దిన ప్రతిని వాళ్లు వేయకపోతే నేను వేసుకుంటాను.

వెల, అమ్మకం

షాపులకి ముప్పై నుంచి నలభై శాతం కమిషన్ ఇవ్వాల్సి ఉంటుంది. ఉదాహరణకి కాపీ ఖర్చు 120 రూపాయలు, వెల 300, కమిషన్ 35 శాతం అనుకుందాం. షాపుకి 105 పోతే, ఖర్చు తీసేస్తే మీకు మిగిలేది 75. అందులోంచే ఉచిత ప్రతులు, నాలుగు లైబ్రరీలు, నలిగిపోయిన కాపీలు. అందుకని నేను షాపులకి తక్కువ ఇస్తాను. వాట్సాప్‌లో ముందే చెప్పి, యూపీఐలో డబ్బు వచ్చినవాళ్ల లెక్క చూసి, దానికి సగం కలిపి అచ్చుకి ఇస్తాను. శిక్షణా కేంద్రాలు, పాలిటెక్నిక్ లెక్చరర్లు పది కాపీలు ఒకేసారి తీసుకుంటారు. వాళ్లకి కమిషన్ బదులు క్లాసులో చూపించే స్లైడ్లు ఇస్తే ఇంకా సంతోషిస్తారు. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈ-బుక్‌కి ఉంది.

పోస్టు కోసం తపాలా శాఖ 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. మొదలైనప్పటి రేటు ప్రకారం మూడొందల గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోలకి 100, పన్ను అదనం. ఎక్కడుందో ట్రాకింగ్‌లో చూసుకోవచ్చు. పుస్తకంలో వ్యాపార ప్రకటనలు ఉండకూడదు, ముద్రాపకులదో ప్రచురణకర్తదో పేరు ఉండాలి. మీ పుస్తకం ఆ సేవ కిందికి వస్తుందో లేదో ఒక కాపీ పట్టుకెళ్లి కౌంటర్‌లోనే చూపించి అడగండి. ఇందాకటి 70 జీఎస్ఎం పుస్తకం పల్చటి కవర్లో పెడితే మొదటి స్లాబులోనే వెళ్తుంది.

ఈ-బుక్ ఈపబ్‌లో చేయండి, పాండాకే ఇస్తుంది. తెలుగు ఫాంటు లోపల పొదగండి, కోడ్ వరుసలు ఫోన్ వెడల్పుకి మడతపడేలా సీఎస్ఎస్ రాయండి. పీడీఎఫ్ అమ్మితే అందులోంచి కాపీ చేసిన పైథాన్ కోడ్‌లో వరుస మొదట ఉండే ఖాళీలు పోతాయి, తెలుగు కూడా చెదిరిపోతుంది.

అచ్చయ్యాక తప్పుల జాబితా ఒక పేజీలో పెట్టండి, పుస్తకంలోని క్యూఆర్ కోడ్ దాన్నే ముందు చూపించాలి. తప్పు పట్టినవాళ్లకి తర్వాతి ముద్రణలో కృతజ్ఞతలు చెప్తే ఇంకా పడతారు. కాపీలు అయిపోవస్తుంటే ఆ జాబితా అంతా దిద్ది, గిట్‌లో కొత్త ట్యాగ్ వేసి, ఇంకో యాభై కాపీలు వేయించండి. అక్షర దోషాలు, చిన్న సవరణలు మాత్రమే అయితే అది పునర్ముద్రణ, పాత ఐఎస్‌బీఎనే సరిపోతుంది. తర్వాతి ఎల్‌టీఎస్‌కి మార్చి రాస్తే అది కొత్త ఎడిషన్. దానికి కొత్త నంబరు తీసుకోవాలి, నాలుగు లైబ్రరీలకీ మళ్లీ పంపాలి.